అర్థం బట్టీ పట్టినా మాట చేతికి రావడం లేదు

ప్రశ్న

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 23. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. పదో తరగతి దాకా ఒడియా మీడియం, డిగ్రీ బరంపురంలో ఇంగ్లిష్ మీడియం. నాన్నగారికి కిరాణా కొట్టు ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కీ, బ్యాంకు ఆఫీసరు (పీఓ) పరీక్షలకీ తయారవుతున్నారు. సీజీఎల్ మొదటి దశకు ఇంకా నాలుగు నెలలుంది. లెక్కలు పర్వాలేదట, మార్కులన్నీ ఇంగ్లిష్ దగ్గరే పోతున్నాయట.

అందుకని ఒక లావుపాటి పదాల పుస్తకం కొన్నారు. 'ఏ' అక్షరంతో మొదలుపెట్టి రోజుకు 30 మాటలు, ఒక్కోదానికి ఎదురుగా ఒక తెలుగు అర్థం నోటుబుక్కులో రాసుకుంటూ 'ఎం' దాకా వచ్చారు. మూడు వేలు దాటాయి. మొన్న వెనక్కి తిప్పి చూసుకుంటే 'ఏ', 'బి' పేజీల్లో పదింటికి ఏడు కొత్తగా కనిపిస్తున్నాయట. గుర్తున్న వాటిలోనూ 'అడాప్ట్', 'అడెప్ట్', 'ఎమినెంట్', 'ఇమినెంట్' ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. దీనికి తోడు, కోచింగ్‌లో వ్యాసం రాయమంటే "ద మేనేజర్ వాజ్ నొటోరియస్ ఫర్ హిజ్ ఆనెస్టీ" అని రాశారు. మాస్టారు దాన్ని క్లాసు మొత్తానికీ చదివి వినిపించి నవ్వించారు. ఆ రోజు నుంచి కొత్త మాట రాయాలంటే చెయ్యి వణుకుతోందంటున్నారు.

స్నేహితురాలేమో ఇంగ్లిష్ పేపర్ సంపాదకీయం చదవమంటోంది. చదివితే ఒక్కదానికే రెండు గంటలు, 40 మాటలకు నిఘంటువు. అన్నయ్యేమో ఇంగ్లిష్ మనకు పట్టుబడేది కాదు, ఆ సమయం రీజనింగ్‌కి పెట్టు అంటున్నాడు. ఇదే ఆఖరి ప్రయత్నమని ఇంట్లో అనుకుంటున్నారు. ఆమె అడిగేవి ఇవి: లోపం నా జ్ఞాపకశక్తిదా, పద్ధతిదా? ఒడియా మీడియం చదువు వల్లా? తెలుగు అర్థాలు రాయడం మానేయాలా? పుస్తకం పూర్తి చేయాలా, వదిలేయాలా? ఫోన్‌లో యాప్ మంచిదా, కాగితమా?

సమాధానం

ముందు ఆ నవ్వు సంగతి తేల్చేద్దాం. 'నొటోరియస్' పక్కన మీరు 'ప్రసిద్ధి చెందిన' అని రాసుకుని ఉంటారు. చాలా చిన్న నిఘంటువుల్లో అదే ఉంటుంది, అర్థం తప్పు కూడా కాదు. కాకపోతే ఆ మాట చెడ్డపేరుకే వాడతారు. తెలుగులో 'పేరుమోసిన' అనగానే తర్వాత ఎక్కువగా దొంగో, రౌడీయో వస్తాడని మీ చెవికి తెలుసు. 'పేరుమోసిన నిజాయతీపరుడు' అని మీరు ఎన్నడూ అనరు. 'నొటోరియస్' పక్కన 'పేరుమోసిన (దొంగ)' అని రాసుకుని ఉంటే ఆ వాక్యం మీ కలం నుంచి వచ్చేదే కాదు. అంటే మీకు అర్థం అందింది, ఆ మాట ఎవరితో తిరుగుతుందో అందలేదు. మాస్టారు నవ్వించడానికి పెట్టిన ఆ నిమిషంలో ఈ సంగతి చెప్పి ఉండాల్సింది.

ఒడియా మీడియం వల్లేనా అన్నారు. నాకు సరిగ్గా తిరగేసి కనిపిస్తోంది. బళ్లో మీకు శిక్ష అంటే చదువు, ఇంట్లో శిక్ష అంటే దండన. ఒడియాలో ఉపన్యాసం అంటే నవల, తెలుగులో ఉపన్యాసం అంటే వేదిక మీద మాట్లాడేది. అక్కడ చేష్ట అంటే ప్రయత్నం, ఇక్కడ చేష్టలంటే వెకిలి పనులు. ఒడియాలో రాగం కోపం. అలాగని ఎవరైనా రాగం తీస్తున్నారంటే మీరు కోప్పడుతున్నారని అనుకోలేదు కదా! ఒకే మాట రెండు భాషల్లో రెండు రకాలుగా తిరుగుతున్నా మీకు ఎప్పుడూ తడబాటు రాలేదు. ఎందుకంటే వాటిని మీరు జాబితాలో నేర్చుకోలేదు, వాక్యాల్లో విని నేర్చుకున్నారు. మీ ఊళ్లోనే ఉండి గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకున్నది కూడా మనుషుల నోటి నుంచే. 1938లో అచ్చైన ఆయన సవర-ఇంగ్లిష్ నిఘంటువు ఆ వినికిడిలోంచే పుట్టింది. ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి మీరు ఆ అలవాటును పక్కనపెట్టి అకారాది పట్టికను నమ్ముకున్నారు.

జ్ఞాపకశక్తికి వస్తే, దానికి ఏ లోపమూ లేదు. జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో తేల్చింది ఇదే: మరుపులో పెద్ద వాటా మొదటి రోజునే జరిగిపోతుంది, ఆపైన నెమ్మదిస్తుంది. మీరు 'ఏ' పేజీ చదివిన మర్నాడు 'ఏ' తర్వాతి పేజీకి వెళ్లారు, వెనక్కి రాలేదు. పదింటికి మూడు మిగిలాయంటే ఆశ్చర్యపోవాల్సింది ఆ మూడు ఎలా మిగిలాయా అని.

రెండో దెబ్బ అకారాది క్రమం కొట్టింది. ఇది చాలామంది గమనించరు. అక్షర క్రమంలో వేస్తే ఒకేలా కనిపించే మాటలు చాలావరకు ఒకే పేజీలోనో, దగ్గరి పేజీల్లోనో పడతాయి. అబ్రోగేట్, అరోగేట్, అబ్‌జ్యూర్, అడ్‌జ్యూర్, అడాప్ట్, అడెప్ట్, 'ఓ' అక్షరంతో రాసే ఇంకో అడాప్ట్. రూపం దగ్గరగా ఉన్నవీ, అర్థం దగ్గరగా ఉన్నవీ ఒకే రోజున కొత్తగా నేర్చుకుంటే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. పర్యాయపదాలన్నీ ఒక గుంపుగా ఇచ్చే పుస్తకాలదీ ఇదే ఇబ్బంది. అప్పటికే తెలిసిన మాటలను అలా పక్కపక్కన పెట్టి సరిపోల్చుకుంటే లాభం, కొత్తవాటిని పెడితే నష్టం. మీకు కలిసిపోయిన జంటల్లో ఒకదాన్నే ముందు తీసుకోండి. అది గట్టిపడ్డాక, రెండు మూడు వారాలు ఆగి, రెండోది మొదలుపెట్టండి. 'ఎమినెంట్' ఎక్కువగా మనిషి పక్కనే ఉంటుంది: ఎమినెంట్ డాక్టర్, లబ్ధప్రతిష్ఠుడైన వైద్యుడు. 'ఇమినెంట్' జరగబోయేదాని పక్కన ఉంటుంది: ఇమినెంట్ డేంజర్, ముంచుకొస్తున్న ప్రమాదం. ఈ తోడు మాట గుర్తుంటే స్పెల్లింగు పోలిక మిమ్మల్ని ఏమీ చేయలేదు.

తెలుగు అర్థాలు మానేయాలా అన్న ప్రశ్నకు ఇందులోనే జవాబుంది. మానేయొద్దు, ఎంపిక మార్చండి. ఇంగ్లిష్-ఇంగ్లిష్ నిఘంటువే చూడాలని కోచింగుల్లో ఒక పట్టుదల ఉంటుంది. తొలిసారి మాటను పట్టుకోవడానికి సొంత భాషే వేగంగా పనిచేస్తుంది. చిక్కల్లా ఒక మాటకు ఒక మాట చొప్పున రాసుకోవడంలో ఉంది. 'అలీవియేట్' చూడండి. 'తగ్గించు' అని రాసుకుంటే రేపు మీరు "అలీవియేట్ ద ప్రైస్" అని రాస్తారు, మళ్లీ ఎవరో నవ్వుతారు. 'ఉపశమనం కలిగించు' అని రాసుకుంటే? మనం నొప్పికి, బాధకు ఉపశమనం అంటాం కానీ బియ్యం ధరకు ఉపశమనం అనం. ఇంగ్లిష్ మాట కూడా నొప్పి, బాధ, పేదరికం వీటితోనే వస్తుంది. పైగా పూర్తిగా పోగొట్టడం కాదు, భారం తేలిక చేయడం అన్న ఛాయ కూడా ఉపశమనంలో ఉంది. ఇలా తెలుగులో జోడీలు చాలా దొరుకుతాయి: 'రాంపెంట్ కరప్షన్' విచ్చలవిడి అవినీతి, 'హార్డెన్డ్ క్రిమినల్' కరడుగట్టిన నేరస్థుడు, 'ఫ్యూటైల్ ఎఫర్ట్' వృథా ప్రయాస. ఒక్కోసారి తెలుగు కన్నా ఒడియా మాటే దగ్గరగా తడుతుంది. అప్పుడు అదే రాసుకోండి, ఎవరు కాదంటారు?

తెలుగు జోడీ రాశాక ఒకసారి ఇంగ్లిష్ లెర్నర్స్ డిక్షనరీలో సరిచూసుకోవాలి. మామూలు నిఘంటువు కాదు, పరాయి భాషవాళ్ల కోసం తయారుచేసినది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడింటివీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి. వీటిలో నిర్వచనాలు పరిమితమైన తేలిక మాటల్లో ఉంటాయి. మాట పక్కన 'ఫార్మల్', 'డిసప్రూవింగ్' లాంటి గుర్తులుంటాయి, రెండు మూడు ఉదాహరణ వాక్యాలుంటాయి. అర్థం కన్నా ముందు ఆ గుర్తు చూడండి.

ఇప్పుడు పుస్తకం సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి. దేని లాభనష్టాలు దానివే.

మొదటిది, 'ఎన్' నుంచి 'జెడ్' దాకా అలాగే సాగిపోవడం. నాలుగు నెలల్లో పుస్తకం అయిపోతుంది. పూర్తి చేశానన్న తృప్తి ఉంటుంది. పరీక్ష నాటికి చివరి రెండు నెలల మాటలు సగం, మొదటి సగం పుస్తకంలో పిడికెడు మిగులుతాయి. నేనైతే ఇటు వెళ్లమనను. కానీ మూడు వేల మాటలు రాసిన నోటుబుక్కు మీ దగ్గర ఉంది, దాన్ని పారేయక్కర్లేదు. ఎలా వాడాలో కింద చెబుతాను.

రెండోది, గత ప్రశ్నపత్రాల దారి. సీజీఎల్ మొదటి దశలో 100 ప్రశ్నల్లో ఇంగ్లిష్‌వి 25. ప్రశ్నకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు, ఒకే మాటలో చెప్పడం, జాతీయాలు, ఖాళీలు అన్నీ ఈ 25లోవే. ఎస్‌ఎస్‌సీలో అడిగిన మాటలు మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంటాయి. అందుకని గత నాలుగైదేళ్ల పేపర్లు దగ్గర పెట్టుకుని ప్రశ్నలోని మాటే కాక నాలుగు ఆప్షన్లలోని మాటలూ ఏరుకోవాలి. ఈ ఏడాది ఆప్షన్‌గా వచ్చిన మాట వచ్చే ఏడాది ప్రశ్న అవుతుంది. ఇక్కడే మీ నోటుబుక్కు పనికొస్తుంది: పేపర్లలో తగిలిన మాట నోటుబుక్కులో కూడా ఉంటే దానికి టిక్కు పెట్టండి. టిక్కు పడనివాటిని ఈ నాలుగు నెలలు మరచిపోవచ్చు.

ఈ దారిలో ఇంకో సౌకర్యం ఉంది. గుర్తుపట్టడానికి సగం తెలిసినా చాలు. మాట పూర్తి అర్థం తట్టకపోయినా అది మంచికి వాడేదా చెడ్డకు వాడేదా అన్నది తెలిస్తే సాధారణంగా రెండు ఆప్షన్లు కొట్టేయవచ్చు. మిగిలిన రెండింటిలో ఒకటి పెడితే సగటున ప్రశ్నకు ముప్పావు మార్కు మీకే మిగులుతుంది. నష్టం ఏమిటంటే, ఇలా నేర్చిన మాటలు కళ్లకు తెలుస్తాయి, చేతికి రావు. బ్యాంకు మెయిన్స్ వ్యాసంలోనో ఇంటర్వ్యూలోనో వాటిని దింపితే మళ్లీ 'నొటోరియస్' కథే.

మూడోది, మాటల మూలాలూ చదువూ కలిపిన దారి. ఇది నెమ్మది. నాలుగు నెలల్లో మార్కుల్లో పెద్దగా కనిపించదు, ఆరు నెలలు దాటాక మాత్రం ఎదురు లేకుండా పనిచేస్తుంది. మీకు దీనిలో ఒక అదనపు బలం ఉంది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే కుదురు నుంచి వచ్చినవని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పిన మాట మీరు చదివే ఉంటారు. జనరల్ నాలెడ్జి ప్రశ్నగా కాక పనిముట్టుగా వాడుకోండి. లాటిన్ 'మోర్ట్' మన మృత, మృత్యు: మోర్టాలిటీ, మోర్చురీ, ఇమ్మోర్టల్. 'డెంట్' మన దంతం: డెంటిస్టే కాదు, ట్రైడెంట్ అంటే మూడు పళ్లది, త్రిశూలం. 'నోవ్' మన నవ: ఇన్నొవేట్, రెనొవేట్, కొత్తగా చేరినవాడు నావిస్. 'జెన్' మన జన: కంజెనిటల్, ఇండిజినస్, ప్రొజెనీ. ఆ 'ప్రొజెనీ' అచ్చంగా సంస్కృతంలోని ప్రజ, సంతానం అనే అర్థంలో. గ్రీకు 'అన్' మన అన్ లాగే లేదని చెబుతుంది: అనానిమస్ అంటే అనామకం. పైన చెప్పిన 'అలీవియేట్'లో ఉన్న 'లెవిస్' మన లఘువుకు చుట్టం. ఎలివేట్, లెవిటీ, లీవర్ అన్నీ ఆ ఇంటివే.

ఈ పద్ధతి రుచి మరిగినవాళ్లు ఒక గోతిలో పడుతుంటారు, చెప్పి ఉంచుతాను. ఒకలా వినిపించినవన్నీ చుట్టాలు కావు. 'డీటీ'లోని మూలం మన దేవ శబ్దానికి బంధువు, 'థియాలజీ'లోని థియో కాదు. 'పెడెస్ట్రియన్'లో పెడ్ లాటిన్ పాదం, 'పీడియాట్రిక్స్'లో పీడ్ గ్రీకు పిల్లవాడు. 'హోమిసైడ్'లో హోమో లాటిన్ మనిషి, 'హోమోజీనియస్'లో హోమో గ్రీకు సమం. 'యాంటీ' అంటే వ్యతిరేకం, 'యాంటె' అంటే ముందు. ఒక్క అక్షరం తేడా. ఇంకా పెద్ద చిక్కు, మూలం ఒకటి చెబితే వాడుక ఇంకొకటి చెబుతుంది. 'ఎగ్రీజియస్' మూలార్థం మందలోంచి విడిగా నిలిచినది. ఒకప్పుడు పొగడ్త. ఇవాళ ఘోరమైన తప్పుకే వాడతారు. మూలం చూసి మెచ్చుకోలు అనుకుని రాస్తే క్లాసులో ఇంకోసారి నవ్వు. అందుకని మూలం మాటను గుర్తుంచుకోవడానికే, అర్థం తేల్చడానికి వాక్యమే.

చదువు సంగతికొస్తే, సంపాదకీయాలు మీకు ఇప్పుడే వద్దు. సందర్భాన్ని బట్టి అర్థం ఊహించాలంటే చుట్టూ ఉన్న మాటల్లో దాదాపు 98 శాతం తెలిసి ఉండాలి, అంటే వందకు రెండు మించి తెలియనివి ఉండకూడదు. ఆ స్థాయిలో ఇంగ్లిష్ పత్రికలూ నవలలూ చదవడానికి 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు కావాలని పాల్ నేషన్ అనే పరిశోధకుడు 2006లో లెక్క కట్టారు. డిసైడ్, డిసిషన్, డిసైసివ్ కలిపి ఒక కుటుంబం. మీరు ఏది చదవబోయినా మొదటి వంద మాటలు లెక్కపెట్టండి. తెలియనివి రెండు లోపైతే హాయిగా చదవండి, ఐదు దాకా ఉంటే నిఘంటువుతో చదవండి, దాటితే ఆ వ్యాసం పక్కన పెట్టండి. ఒక్కదానికి 40 మాటలు వెతకడం చదవడం కాదు.

బదులుగా, సంగతి ముందే తెలిసిన వార్తలు ఎంచుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మీ గజపతి జిల్లాను ఎలా ముంచిందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ వారం వార్తలు తెలుగులో, ఒడియాలో చదివి, అవే ఇంగ్లిష్‌లో చదవండి. తీరం దాటడం 'ల్యాండ్‌ఫాల్', జలదిగ్బంధంలో చిక్కుకున్న ఊళ్లు 'మరూన్డ్ విలేజెస్', అతలాకుతలం చేయడం 'రీక్ హావొక్', ఎక్కువ దెబ్బ తినడం 'బేర్ ద బ్రంట్', నీట మునగడం 'ఇనండేట్'. ఒకే విషయం మీద వారం రోజులు చదివితే ఇవే మాటలు ఐదారుసార్లు ఎదురవుతాయి, అదే పునశ్చరణ. 'హావొక్' పక్కన 'రీక్' తప్ప ఇంకేదీ అంత సహజంగా రాదని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. తర్వాతి వారం బడ్జెట్టో, రైల్వేనో.

మరో మాట. లావు పుస్తకాల మోజులో మీలాంటివాళ్లు మధ్యతరగతి మాటలను దాటేస్తారు: యాట్రిబ్యూట్, సబ్‌సీక్వెంట్, ఇన్‌హెరెంట్, కన్‌స్ట్రెయిన్, కోహెరెంట్, ఆల్‌బీఇట్. చూసినట్టే ఉంటాయి, అడిగితే చెప్పలేం. క్లోజ్ టెస్టూ (ఖాళీలు నింపే పేరా), కాంప్రహెన్షనూ నిలబడేది వీటి మీదే. అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ఇలాంటివి 570 కుటుంబాలు ఏరి అకడమిక్ వర్డ్ లిస్ట్ తయారుచేశారు, ఉచితంగా దొరుకుతుంది. అబ్‌స్ట్రూస్, అబ్‌స్టీమియస్ జోలికి వెళ్లేముందు ఇందులో ఎన్ని మీకు గట్టిగా వచ్చో చూసుకోండి.

ఏ దారి పట్టినా రోజువారీ పని ఒకటే. రోజుకు కొత్త మాటలు పది, వారానికి ఐదు రోజులు. మిగతా రెండు రోజులు పాతవే. పరీక్షకు మూడు వారాల ముందు కొత్తవి పూర్తిగా ఆపేయండి. ఆ లెక్కన సుమారు 650 వస్తాయి. మూడు వేల పక్కన చిన్నగా కనిపిస్తుంది, కానీ ఇవి నిలుస్తాయి. ఒక్కో మాటకు ఒక ముక్క కాగితం. ముందువైపు మాట రాయొద్దు. ఖాళీ ఉన్న వాక్యం రాయండి: "ద మెడిసిన్ డాష్ హర్ పెయిన్", ఖాళీలో మొదటి అక్షరం ఒక్కటి. వెనకవైపు మాట, తెలుగు జోడీ, అది ఎక్కువగా కలిసి వచ్చే రెండు మూడు మాటలు, వ్యతిరేకం ('అలీవియేట్'కు 'అగ్రవేట్'), చివర ఎర్ర సిరాతో ఒక హెచ్చరిక: ధరకు, వేగానికి వాడరు. ఒక్కో ముక్కకు మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ రాయడమే సగం నేర్చుకోవడం, తయారు ముక్కలు కొనొద్దు.

తిప్పి చూడటానికి జర్మన్ వాడైన లైట్‌నర్ పెట్టె పద్ధతి సరిపోతుంది. ఐదు అరలు. కొత్త ముక్క మొదటి అరలో, అది రోజూ చూడాలి. చెప్పగలిగితే రెండో అరకు, రోజు విడిచి రోజు. తర్వాత వారానికి, పక్షానికి, నెలకు. ఎక్కడ తప్పినా మొదటి అరకే తిరిగి రావాలి. అందరూ చేసే పొరపాటు వెంటనే వెనక్కి తిప్పి చూసి "ఆ, తెలుసులే" అనుకోవడం. కనీసం ఐదు సెకన్లు తన్నుకోండి, పైకి చెప్పండి, ఆపైన తిప్పండి. గింజుకుని గుర్తుతెచ్చుకున్నదే నిలుస్తుంది. వ్యాసం రాసేటప్పుడు నాలుగు, ఐదు అరల్లో ఉన్న మాటలు మాత్రమే వాడండి. మిగతా చోట్ల తేలిక మాట రాస్తే ఎవరూ మార్కులు కోయరు, తప్పు తోడు కట్టిన బరువైన మాటకే కోస్తారు. చెయ్యి వణకడానికి ఇంతకన్నా మందు నాకు తెలియదు.

అన్నయ్య అన్నదాంట్లో సగం న్యాయముంది. ఇంగ్లిష్ మనకు పట్టుబడదన్నది వట్టి మాట, కానీ పదాల మీదే రోజంతా పోస్తే మిగతా 75 ప్రశ్నలు ఏం కావాలి? మొత్తం మీద పదాలకు రోజుకు గంట చాలు: పాత ముక్కలకు 20 నిమిషాలు, కొత్తవి రాయడానికి 40. వార్తలు చదివే అరగంట భోజనం తర్వాత ఎక్కడో దొరుకుతుంది. ఈ పరీక్షే ప్రాణమనుకుంటే కొత్త మాటల్లో ఎనిమిది గత పేపర్లవీ రెండు కాక్స్‌హెడ్ జాబితావీ తీసుకుని మూలాల సంగతి పరీక్ష అయ్యాక చూసుకోండి. బ్యాంకు మెయిన్స్, ఇంటర్వ్యూ కూడా మనసులో ఉంటే రెండో దారి సగం, మూడో దారి సగం చేయండి. అప్పుడు సీజీఎల్‌లో ఒకటి రెండు ప్రశ్నలు జారిపోవచ్చు, రాతలో మాత్రం తేడా కనిపిస్తుంది. ఏది ముందో మీకే తెలుసు, ఇంట్లోవాళ్లతో కూర్చుని అది స్పష్టంగా చెప్పండి. 'ఆఖరి ప్రయత్నం' అన్న మాట గాలిలో వేలాడుతుంటే ఏ పద్ధతీ సాగదు. బ్యాంకు పరీక్షలు కూడా ఇందులో లెక్కేనా కాదా అన్నది నాన్నగారిని నేరుగా అడిగేయండి.

ఇక ఫోనా, కాగితమా. ఆంకీ అనే యాప్ ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఏ ముక్క ఎప్పుడు చూడాలో అదే లెక్క వేసుకుంటుంది. అందులో రోజుకు 20 కొత్త ముక్కలని ముందే పెట్టి ఉంటుంది, దాన్ని పదికి దించండి. నాలుగు రోజులు మానేస్తే బాకీ కొండలా పేరుకుంటుంది. అప్పుడు బాకీ తీరేదాకా కొత్తవి సున్నా చేయాలి, లేకపోతే విసుగొచ్చి యాప్ తీసేస్తారు. ఫోన్ తెరవగానే రీల్స్ వైపు వేలు పోయేటట్టయితే కాగితమే నయం. పాత శుభలేఖల వెనకవైపు కోసుకుంటే ముక్కలకు అట్ట గట్టిగా ఉంటుంది, అరలకు కొట్లో ఖాళీ అయిన బిస్కెట్ల డబ్బా ఒకటి చాలు. ఐదో అరలో రెండుసార్లు సరిగ్గా చెప్పిన ముక్కలను తీసి రబ్బరు బ్యాండు వేసి పక్కన పెట్టండి, పరీక్షకు వారం ముందు ఒక్కసారి తిరగేయండి.